పొంతన కుదరని ప్రింటరు

తాడిగట్ల మునిసిపాలిటీ వారికి సుభాషిణి అంటే భయం. ఆవిడ పన్ను ఎగ్గొట్టే మనిషి కాదు, కుళాయి దగ్గర తగవులాడే మనిషీ కాదు. ఆవిడకున్న జబ్బల్లా ఒక్కటే. తప్పుగా రాసిన బోర్డు కంటపడితే కాలు ముందుకు పడదు.

బి.ఏ.లో స్పెషల్ తెలుగు చదివి, ఆ చదువునంతా పచారీ చీటీల మీద ఖర్చు పెడుతున్న ఇల్లాలు ఆవిడ. మార్కెట్టు గోడ మీద మునిసిపాలిటీ వారు "మూత్ర విసర్జన నిషేదం" అని రాయించినప్పుడు, ఒత్తు లేని నిషేధం చెల్లదనీ, ఈలోపు జరిగినదానికి ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదనీ కమిషనరుకు ఉత్తరం రాసింది. వారం తిరక్కుండా ఒత్తు వచ్చింది. మూత్రం మాత్రం మానలేదు. అయినా సుభాషిణికి ఆ గోడ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా, ముక్కు మూసుకుని అయినా సరే, ఓసారి తలెత్తి చూసుకోవడం అలవాటైంది.

అలాంటిది, ఒకరోజు కమిషనరు విశ్వంభరం గారే స్వయంగా ఇంటికి వచ్చారు. వెనక మేనేజరు నూకరాజు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, కార్యాలయములందలి కంప్యూటర్లు ఇకమీదట మాతృభాషయందే వ్యవహరించవలెనని పైనుంచి ఉత్తర్వు" అన్నారు విశ్వంభరం గారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా ఆ భాషలోనే అడుగుతారని ఊళ్ళో చెప్పుకుంటారు. "తెర మీద వచ్చు సందేశములన్నియు తెనిగించవలెను. ఇందు నిమిత్తమై భాషా సంఘము ఏర్పాటు చేసియుంటిమి. అధ్యక్షులు మీరు."

"సభ్యులెవరండీ?"

"వారును మీరే."

సుభాషిణి ఆ పూట వాళ్ళిద్దరికీ అల్లం పెసరట్లు వేసింది. రాత్రికి ఇంట్లో వాళ్ళకు పొద్దుటి చారే వెచ్చబెట్టింది.

"భాషా సంఘం వారు భోజనం శాఖని మూసేసినట్టున్నారు" అన్నాడు భర్త పట్టాభి, చారు జుర్రుకుంటూ.

నూకరాజు ఇచ్చి వెళ్ళిన కాగితాల్లో కంప్యూటరు చెప్పే మాటలన్నీ ఇంగ్లీషులో వరసగా ఉన్నాయి. ఏ మాట ఎప్పుడొస్తుందో, ఎందుకొస్తుందో లేదు. సుభాషిణికి అదేమంత లోటనిపించలేదు. నిఘంటువులు దించింది. వాటి మీద దుమ్ము దులిపినప్పుడు వచ్చిన తుమ్ములు కూడా ఆవిడకు చప్పట్లలాగే వినిపించాయి.

ఎనిమిదో తరగతి చదివే కూతురు ప్రణవి తొంగి చూసింది. "అమ్మా, డ్రైవరుని డ్రైవర్‌గానే వదిలెయ్యి. అదేంటంటే..."

"డ్రైవరంటే ఏంటో నాకు తెలీదటే? పుట్టిన దగ్గర్నుంచీ ఆటోల్లోనే తిరుగుతున్నాను."

"అది కాదమ్మా, కంప్యూటర్‌లో..."

"నా చేతిమీదుగా ఇంగ్లీషు ముక్క బయటికెళ్ళదు. నువ్వెళ్ళి లెక్కలు చేసుకో."

'చోదకము' అనాలా, 'చోదకుడు' అనాలా అని సుభాషిణి మూడు పూటలు మథనపడింది. నడిపేవాడు కర్త. కర్తకు 'డు' ఉండాలి. కనుక చోదకుడు. ఎవరైనా అడ్డు చెబుతారేమోనని కింద చిన్న వ్యాకరణ వివరణ కూడా రాసింది: "చోదకుడు మహద్వాచకము, అనగా పురుషుని తెలుపు పదము. యంత్రములు, వస్తువులు మొదలగునవి అమహత్తులు. ఒకదానికి వేరొకటి వాడరాదు." 'ఇన్‌స్టాల్' చేయడాన్ని 'ప్రతిష్ఠించుము' అందామనుకుంది. మరీ గుడి మాటలా ఉందని 'నియమించుము' అని దిద్దింది. 'లోడ్' చేయడాన్ని 'ఎక్కించు' అంది. 'కంపాటిబుల్' దగ్గర మాత్రం ఆవిడ బుర్ర మెరిసింది. ఒకదానికొకటి సరిపడకపోవడాన్ని చెప్పడానికి మన భాషలో బంగారంలాంటి మాట ఉండగా సంస్కృతంలో దేవులాడటమెందుకు? 'పొంతన కుదరలేదు' అని రాసి, ఆ కాగితాన్ని పట్టాభికి రెండుసార్లు చదివి వినిపించింది.

"బావుంది. పెళ్ళిచూపులు కూడా కంప్యూటర్లోనే అయిపోతాయి" అన్నాడు పట్టాభి. సుభాషిణి దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

ప్రారంభోత్సవం నాడు కొత్త కంప్యూటరుకి బొట్టు పెట్టారు. విశ్వంభరం గారు మీట నొక్కారు. తెర వెలిగి, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు వరసగా దిగాయి.

"ప్రారంభ సమయమున చోదకులను ఎక్కించుచున్నాము. వేచియుండుము. మూషికము కనిపించినది. మూషికము పనిచేయుచున్నది. నూతన ముద్రణ పరికరము కనిపించినది. దీనికి చోదకుడు లేడు. వెంటనే చోదకుని నియమించుము."

సభ చప్పట్లు కొట్టింది. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న సుభాషిణికి కళ్ళు చెమర్చాయి. ముద్రణ పరికరం, అంటే ప్రింటరు, ఒక్క కాగితం కూడా కక్కలేదు. ఆ ఆనందంలో దాన్నెవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పట్టించుకోవలసి వచ్చింది. విశ్వంభరం గారు తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నూకరాజు గారూ, 'నియమించుము' అనగా ఏమి?"

"ఆర్డరేనండి."

"ఎవరి ఆర్డరు?"

"కంప్యూటరు పైనుంచి వచ్చిందండి. కంప్యూటర్లోంచి ఆర్డరొచ్చిందంటే ఆర్డరు కూడా పైనుంచి వచ్చినట్టేనండి."

"అయినచో పాటించవలె. కానీ కొత్త నియామకములపై నిషేధమున్నది. ఉన్న చోదకులనే సర్దుబాటు చేయుడు."

మునిసిపాలిటీలో ఉన్న చోదకులు చెత్త ట్రాక్టరు డ్రైవర్లు. వాళ్ళలో పెద్దవాడు ఏడుకొండలు. ఖాకీ చొక్కా ఉతికి వేసుకుని వచ్చి ప్రింటరు పక్క కుర్చీలో కూర్చున్నాడు. "స్టీరింగేదండి?" అని ఒకసారి అడిగాడు గానీ, ఎవరూ చెప్పకపోయేసరికి మళ్ళీ అడగలేదు. కూర్చోబెట్టి జీతమిచ్చే పనిలో అడిగి తెలుసుకోవలసినవి ఎక్కువ ఉండవని అతనికి తెలుసు.

ఎక్కించుచున్నామని ఉంది గానీ, ఎక్కడికి ఎక్కించాలో సందేశంలో లేదు. అందుచేత రోజూ ఆఫీసు తెరవగానే చోదకులందరినీ మేడ మెట్లెక్కించి, మళ్ళీ దింపి, తలొక యంత్రం పక్కనా కూర్చోబెట్టేవారు. ప్రింటరుకి ఒకడు, స్కానరుకి ఒకడు. మూషికం, అంటే మౌసు, మొదటిరోజు నుంచీ తనంతట తానే పనిచేస్తోంది. దానికి చోదకుడెవరా అని ఆరా తీస్తే, బల్ల అద్దం కింద వినాయకుడి పటం కనిపించింది. దాంతో అందరి అనుమానాలూ తీరిపోయాయి. వాహనం పక్కన స్వామి ఉంటే యంత్రం ఎందుకు నడవదు? సిద్ధాంతం సరిగానే ఉంది. ప్రింటరు విషయంలోనే ఎక్కడో లోపం.

ఆ లోపమేమిటో కూడా కంప్యూటరే చెప్పింది. నూకరాజు ఏదో నొక్కితే తెర మీద, "ఈ పరికరమునకు చోదకునితో పొంతన కుదరలేదు" అని వచ్చింది.

సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన ప్రింటరుని వెనక్కి తిప్పించి, తయారైన తేదీ చూసి, జన్మ సమయం లేదని కాసేపు నసిగి, చివరికి అనూరాధా నక్షత్రం, దేవగణం అని తేల్చారు. ఏడుకొండలుకు పుట్టిన తేదీ తెలియదు. పేరుబలం చూసి కృత్తిక, రాక్షసగణం అన్నారు.

"కలవవండి. ససేమిరా కలవవు."

ఏడుకొండలు చిన్నబుచ్చుకున్నాడు. "మాయావిడతో కూడా కలవలేదన్నారండి. ముగ్గురు పిల్లలండి మాకు."

"అది సంసారం. ఇది పరిపాలన" అన్నారు విశ్వంభరం గారు.

ఇదంతా పక్క మునిసిపాలిటీల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. రెండు చోట్ల సిద్ధాంతి పోస్టు మంజూరు చేయమని ప్రతిపాదనలు కూడా వెళ్ళాయి. తాడిగట్లలో మాత్రం ట్రాక్టర్లు షెడ్డు దాటక, చెత్త సందు మొదట్లోంచి మెల్లగా ఇళ్ళవైపు నడిచి వస్తోంది. సుభాషిణి గుమ్మంలో నిలబడి, ఈ మునిసిపాలిటీ వాళ్ళకు ఏమొచ్చింది మాయరోగం అని ఇరుగుపొరుగులతో కలిసి మెటికలు విరిచింది. కంప్యూటరు గది వైపు ఆవిడ ఆలోచన పోలేదు. అక్కడంతా దివ్యంగా నడుస్తోందనే ఆవిడ ఊహ.

ఒక సాయంత్రం ప్రణవి బడినుంచి వస్తూనే సంచీ విసిరేసింది. "అమ్మా, జిల్లా ఖోఖో జట్టులోకి తీసుకున్నారు. శనివారంలోగా బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాలి. లేకపోతే నా చోటు రెండో సెక్షన్ పిల్లకి ఇచ్చేస్తానన్నారు డ్రిల్లు మాస్టారు."

"ఉందిగా, బీరువాలో."

"అందులో నా పేరు లేదమ్మా. 'ఆడ శిశువు' అనుంది. ఖోఖోకి ఆడ శిశువుని పంపరట."

నిజమే. ప్రణవి పుట్టినప్పుడు పేరు పెట్టకముందే తీసుకున్న పత్రమది. పేరులో పెద్ద 'ణ' ఉండాలా, మామూలు 'న' చాలా అని అప్పట్లో సుభాషిణి ఆరునెలలు తర్కించుకుంది. ఆ తర్కంలో పడి, పేరు ఎక్కించడం మరచిపోయింది. పిల్ల రెండేళ్ళుగా తెల్లారకుండా లేచి మైదానం చుట్టూ పరిగెడుతోంది. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. సుభాషిణి శుక్రవారం పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు బయల్దేరింది. భాషా సంఘం అధ్యక్షురాలికి అర్ధగంట పనిలే అనుకుంది.

వరండా నిండా జనం. గుమ్మం మీద కాగితం అంటించి ఉంది: "చోదకులకు పొంతన కుదరనందున ధ్రువపత్రముల జారీ నిలిపివేయడమైనది." సుభాషిణి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తప్పుల్లేవు. ఎవరు రాశారో గానీ శుభ్రంగా రాశారనుకుంది. ఆ తర్వాత గాని దాని అర్థం ఎక్కలేదు.

లోపల ఏడుకొండలు ప్రింటరుకి జేబురుమాలుతో విసురుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"చోదకం అమ్మా. ఇయ్యాల గూడా కోపంగానే ఉందండి ఇది."

ప్రణవి తల్లి కొంగు లాగి పక్కకు తీసుకెళ్ళింది. "ఇదే నేను ఆ రోజు చెప్పబోయింది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే, తనకి ఏమేం తగిలించారో అదే వెతుక్కుంటుంది. ఒక్కోదాంతో ఎలా మాట్లాడాలో చెప్పే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్నే డ్రైవరంటారు. మనిషి కాదమ్మా అది."

సుభాషిణికి చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. వరండాలో నిలబడ్డ జనం, సందులో పేరుకున్న చెత్త, విసురుతున్న ఏడుకొండలు, అంతా కలిసి ఒక్క 'డు' దగ్గరికి వచ్చి ఆగింది. ఆ 'డు' తనది.

కమిషనరు గదిలోకి దాదాపు పరుగెత్తింది. "అయ్యా, పొరపాటు జరిగింది. చోదకుడంటే మనిషి కాదటండి. ప్రోగ్రామటండి."

విశ్వంభరం గారు నిదానంగా సొరుగు లాగి, ఆవిడ రాసిన వివరణే బయటికి తీసి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"'చోదకుడు మహద్వాచకము, అనగా పురుషుని తెలుపు పదము.' ఈ సంతకము తమరిదేనా?"

"నాదేనండి. కానీ..."

"'ఒకదానికి వేరొకటి వాడరాదు' అని కూడ సెలవిచ్చితిరి. ఆ ప్రకారము పురుషులనే నియమించితిమి."

"దాన్ని 'చోదకము' అని మార్చేద్దామండి. నేనే మారుస్తాను."

"మార్పునకు భాషా సంఘ తీర్మానము కావలె. ప్రతిపాదించువారు ఒకరు, బలపరచువారు మరొకరు. సంఘములో తమరొక్కరే."

"బలపరచడానికి ఇంకొకర్ని వేసుకోండి."

"సభ్యులను చేర్చుటకును సంఘ తీర్మానము కావలెనమ్మా" అన్నారాయన జాలిగా. "అదియునుగాక, ఉన్న చోదకులకే సాంకేతిక చోదకులన్న హోదా మంజూరైనది. నేడు తమరు 'డు' తీసి 'ము' పెట్టినచో ఆ బిడ్డలేమి కావలె?"

ఆ బిడ్డల్లో పెద్దవాడైన ఏడుకొండలు గుమ్మంలోంచి దీనంగా చూశాడు. "మెట్లెక్కి దిగడం తప్పితే సుఖంగానే ఉందండమ్మా."

సుభాషిణి బల్ల పట్టుకుని ముందుకు వంగింది. "పిల్ల ఆట పోతుందండి. రేపే ఆఖరు. పోనీ చేత్తో రాసివ్వండి. పూర్వం రాసేవారుగా."

"వీల్లేదమ్మా" అన్నాడు నూకరాజు. "పరికరము వెలువరించిన ప్రతి మాత్రమే చెల్లునని రూలండి. గుమస్తా రాస్తే చెల్లదు. గుమస్తా పరికరం కాదు కదండి."

"పరికరము ఇనుముదే కావలెనని రూలులో లేదు" అన్నారు విశ్వంభరం గారు ఆలోచనగా. ఆయనకూ వరండాలో జనం చూస్తే గుబులుగానే ఉంది. "అమహత్తు అయిన చాలును. కానీ రాయగల అమహత్తు ఎక్కడ దొరకును? అమహత్తులనగా వస్తువులు, జంతువులు, అంతియే కదా."

"అంతే కాదండి" అంది సుభాషిణి.

అనకుండా ఉండవలసింది. ఆ మాట ఆవిడ అనలేదు, ఆవిడ చదివిన చదువు అంది. ఎదుట ఒక తప్పు వాక్యం నిలబడి ఉంటే, ఇల్లు కాలిపోతున్నా దాన్ని దిద్దిగాని బయటికి రాని మనిషి.

"ఏకవచనంలో ఆడవాళ్ళు కూడా అమహత్తులేనండి. 'చెట్టు పడింది' అంటాం, 'అమ్మాయి వచ్చింది' అంటాం. క్రియ ఒకటే. వ్యాకరణం ప్రకారం..."

విశ్వంభరం గారు నూకరాజును చూశారు. నూకరాజు ఏడుకొండలును చూశాడు. ముగ్గురూ కలిసి సుభాషిణిని చూశారు.

"దస్తూరి ముత్యాలండి ఈవిడది" అన్నాడు నూకరాజు.

"నూతన పరికరము కనిపించినది" అన్నారు విశ్వంభరం గారు.

"అమ్మా, ఒద్దు" అంది ప్రణవి. సుభాషిణి కూతురి మోకాళ్ళ వైపు ఓసారి చూసింది. కొంగు నడుముకి దోపుకుని, ప్రింటరుని పక్కకు జరిపించి, ఆ చోటులో కూర్చుంది.

ప్రింటరు తీగె తెచ్చి ఆవిడ కుర్చీ చేతికి చుట్టారు. రూలు ప్రకారం పరికరం కంప్యూటరుకి తగిలించి ఉండాలి. పొంతన మాట వచ్చేసరికి ఏడుకొండలు చెవులు మూసుకున్నాడు. "అమ్మగారితో నాకు పొంతనేంటండి, కళ్ళు పోతాయి. నేను దూరంగా కూర్చుంటానండి." వైరు లేకుండా నడిచే యంత్రాలు కూడా ఉంటాయని నూకరాజు ఎక్కడో విన్నాడు. కాబట్టి దూరంగా కూర్చోవడం కూడా ఆమోదం పొందింది.

"పోనియ్యండమ్మా" అన్నాడు ఏడుకొండలు కిటికీ దగ్గరనుంచి.

సుభాషిణి రాసింది. జనన ధ్రువపత్రము. పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ప్రణవి. పెద్ద 'ణ'. పదమూడేళ్ళు ఆడ శిశువుగా ఉన్న పిల్లకు పేరు వచ్చింది. నూకరాజు ముద్ర కొట్టాడు. విశ్వంభరం గారు సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊదారు. కాగితం చేతికందగానే ప్రణవి ఒక్క అంగలో వరండా దాటింది. ఆ పరుగు చూస్తే, ఖోఖోలో దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదని సుభాషిణికి అనిపించింది.

ఆవిడ లేవబోయింది.

"అప్పుడేనా?" అన్నాడు నూకరాజు. వరండాలోని జనమంతా అప్పటికే తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చేశారు. పింఛను ఆగిపోయిన ముసలాయన, మనవడిని బళ్ళో వేయాల్సిన తాత, దుకాణం లైసెన్సు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన ఒకావిడ. అందరూ ప్రింటరుని చూసినట్టే ఆశగా చూస్తున్నారు. సుభాషిణి మళ్ళీ కూర్చుంది.

రాసింది, రాస్తూనే ఉంది. 'వెంకటేశ్వర్లు'ని 'వెంకటేశ్వరులు'గా దిద్దింది. అతను లబోదిబోమంటే మళ్ళీ రాసింది. మధ్యాహ్నం దాటేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. "కాస్త మంచినీళ్ళయినా ఇస్తారా?" అని ఒక్క కేక వేసింది.

"వేడెక్కిందండి" అన్నాడు ఏడుకొండలు కమిషనరు గదివైపు తిరిగి.

వెంటనే పంకా తిప్పి ఆవిడ మీదికి పెట్టారు. మజ్జిగ కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే, ఇంట్లో ఆవిడ వంటింట్లో ఎంత వేడెక్కినా ఎవరూ పంకా తిప్పి పెట్టిన దాఖలా లేదు. ఆ సంగతి తోచినందుకు సుభాషిణికి తన మీద తనకే నవ్వొచ్చింది. మజ్జిగలో ఉప్పు సరిపోయిందని కూడా ఒప్పుకోవలసి వచ్చింది.

ఆఫీసు మూసే వేళకి వరండా ఖాళీ అయింది. విశ్వంభరం గారి ముఖం వెలిగిపోతోంది. సుభాషిణి కుర్చీకి చుట్టిన తీగె విప్పి, చుట్ట చుట్టి బల్లమీద పెట్టింది. ఇక ఈ గుమ్మం తొక్కేది లేదని లోపల గట్టిగా అనుకుంది. ఆ మాట మొహాన అనేయడానికి నోరు కూడా తెరిచింది. కానీ తెలుగింట పుట్టిన ఆడది, ఎంత కోపంలో ఉన్నా, 'వెళ్తున్నాను' అని ఉత్తినే అనేసి గడప దాటగలదా? చిన్నప్పుడు అలా అన్నందుకు వాళ్ళమ్మ నెత్తిన మొట్టికాయ వేసింది. సుభాషిణి రెండు చేతులూ జోడించింది.

"సరేనండి, వెళ్ళొస్తాను."

విశ్వంభరం గారు నూకరాజు వైపు తిరిగారు. "వింటిరా? నమోదు చేయుడు. పరికరము రేపు తనంతట తానే తిరిగి వచ్చును."

సుభాషిణి గుమ్మంలో ఆగిపోయింది. ఆ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు మనసులో చదువుకుంది. కర్త అమహత్తు, ఏకవచనం. క్రియ సరిపోయింది. దిద్దడానికి ఎక్కడా తప్పు దొరకలేదు.